ఇసం

తొంభైల చివరి కరువు ఏళ్లలో పైరుకు పురుగు పడితే అందరం కంబదూరు అంగట్లో మందు అడిగేవాళ్లం. మా పక్కచేను అక్క మాత్రం "ఒక సీసా ఇసం ఇయ్యప్పా" అనేది. ఆ మాట వినగానే జనం పక్కకు జరిగేవారు. ఆమె నోరే విషమని ఊళ్లో ఎవరూ పలకరించేవారు కాదు.

ఒకరోజు అంగడాయన విసుక్కున్నాడు. "మందు అను గదక్కా. పొద్దున్నే ఇసం ఇసం అంటావేంది?"

"మా ఇంటాయన తాగింది ఇదే కదప్పా. మందైతే ఆయన బతకాల గదా?" అని సీసాను కొంగున చుట్టుకుని వెళ్లిపోయింది.

మధ్యాహ్నం వీపున పిచికారీ డబ్బాతో, వేరుశనగ మీద చల్లుతూ ఒక్కతే కనిపించింది. మాట కలుపుదామని గట్టు దిగాను. ఆమె దూరం నుంచే చెయ్యి అడ్డంపెట్టి అరిచింది.

"ఈడికి రావద్దప్పా! గాలి నీ దిక్కే కొడతాండాది."