రుమాలు పీలిక కట్టిన కంకులు

గద్వాలకు వచ్చి ఇన్నేళ్ళయినా, పెబ్బేరు పక్క పల్లెలో బడి నడిపిన రోజులు గుర్తొస్తే హైదర్ సారుకు ముందు నవ్వొస్తుంది, ఆ వెనకే కళ్ళు తడుస్తాయి. నిజాం సర్కారు కాలం. నాలుగక్షరాలొస్తే నాగలి తప్పుతుందని పిల్లల్ని బడికి పంపేవాళ్ళు. ఈయనేమో వచ్చీరాగానే వాళ్ళ చేతికి పార ఇచ్చాడు. ఊరు ఊరుకుంటుందా? సారుకు పిచ్చి ముదిరిందన్నారు.

బడి వెనక రాళ్ళ చెలక, వాన మీద పండే మెట్ట నేల, పెద్దన్న అనే రైతుది; బడి సాగుకని ఇచ్చాడు. ఈ ఏడు విత్తనాలు తనే ఇస్తాననీ, వచ్చే ఏడు సొంత విత్తనం లేకపోతే చెలక వాపసు తీసుకుంటాననీ ముందే చెప్పాడు. పిల్లలు రాళ్ళేరారు, చెరువు మన్ను మోశారు, కాపరులను బతిమాలి ఎరువుకని గొర్రెల మందను చెలకలో పడుకోబెట్టించారు. ఎంత హాయి రోజులవి! కార్తీకానికి జొన్న పిల్లల తలలు దాటింది. కానీ నిండుగా గింజ పట్టినవి కొన్ని కంకులే. సారు తన పాత రుమాలు చింపి వాటికి పీలికలు కట్టాడు, విత్తనానికని. ఎందుకో చెప్పేలోపే వనపర్తి నుంచి పిలుపొచ్చి వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చేసరికి చెలకలో పొగ. పిల్లలు పిడకల నిప్పుల మీద లేత కంకులు కాల్చి, నలిపి, వేడివేడి ఊచబియ్యం మోదుగాకులో పోసి ముందు పెట్టారు. తొలి పిడికెడు పెద్దవాళ్ళకు పెట్టనిదే ఎవరూ ముట్టరక్కడ. నోట్లో వేసుకున్నాక సారుకు పక్కన పీలికల కుప్ప కనపడింది.

పెద్దన్న కూతురు జమ్ములమ్మ మురిసిపోతూ అంది: "మీకోసమని పీలికలు గట్టుకున్నరు గద సార్. అందుకే అవే కాల్చినం. ఒక్క గింజ గూడ మేం తినలే."

తిట్టడానికి నోరెలా వస్తుంది? ఆకులో ఉన్నదంతా తిన్నాడు. తిన్నాకే, అవి విత్తనపు కంకులనీ, చెలక చేజారినట్టేననీ మెల్లగా చెప్పాడు. జమ్ములమ్మ వెక్కివెక్కి ఏడ్చింది.

మర్నాడు బడికి ఒక్కరూ రాలేదు. సారు వెతుక్కుంటూ పోతే, పిల్లలంతా ఎవరి నాయన చేలో వాళ్ళు దూరి, అంగీల అంచులు చింపి మంచి కంకులకు కడుతున్నారు. ఊచబియ్యానికని కొడవలితో వచ్చిన పెద్దన్నకు జమ్ములమ్మ అడ్డం నిలబడి ఉంది.

"గది తినేది గాదు నాయినా, ఇత్తనం. నీకూ గావాలె, బడికీ గావాలె."

"నీకెట్ల తెల్సే?"

"సారుకు తినవెట్టి తెల్సుకున్నం."

పెద్దన్న కొడవలి దించి, పీలికలు లేని సాలు వైపు నడిచాడు.