అన్న కోరుకున్న ముందు బ్లేడు

మొన్న కంటి డాక్టరుకు చూపించుకుందామని ప్రొద్దుటూరికి వెళ్ళాను. కళ్ళలో చుక్కల మందు వేసి కాసేపు కూర్చోమన్నారు గానీ ఆ గదిలో ఉక్కపోతకు ఉండలేక, మసకబారిన చూపుతోనే బయటికి వచ్చి రోడ్డు పక్కన నిలబడ్డాను. ఎదురుగా సేద్యపు పనిముట్ల అంగడి ఉంది. గోడకు వరుసగా ఆనించిన ట్రాక్టరు బ్లేడ్ల మీద ఎండ పడి మెరుస్తూ ఉంది. పక్కనున్న మనిషి మొహం కూడా ఆనని ఆ కళ్ళకు, వాటిలో ముందువైపు బిగించేది ఏదో, వెనక తగిలించేది ఏదో మాత్రం తెలిసిపోయింది. అంగడాయన బయటికి వచ్చి ఏం కావాలని మర్యాదగానే అడిగాడు. ఏమీ వద్దని చెప్పి, మళ్ళీ ఆ ఉక్కపోత గదిలోకే వెళ్ళి కూర్చున్నాను.

నా ఈడు వాళ్ళకు కొత్తగా చెప్పనక్కరలేదు, రాష్ట్రం రెండుగా విడిపోయిన కొత్తలో మా వైపు ఎండలు ఎలా ఉండేవో. పులివెందుల చుట్టుపక్కల చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, నిలువునా ఎండిపోతుంటే, బిడ్డల్లా పెంచిన చెట్లను రైతులే గొడ్డళ్ళు పెట్టి నరికేసుకున్నారు. వేముల దగ్గర మా పెద్దన్న తోట కూడా అలాగే పోయింది. నేను అప్పటికి జమ్మలమడుగులో బడిపంతులుగా ఉంటూ, సెలవు దొరికితే అన్న దగ్గరికి వెళ్ళేవాణ్ణి. మా నాయన ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన ఉపదేశి. ఆయన పోయాక ఆ భారమంతా అన్న మీద పడింది, కాదు, అన్నే ఇష్టంగా ఎత్తుకున్నాడు. పగలంతా సేద్యం, సాయంత్రం ప్రార్థన, ఆదివారం సంఘపెద్దగా ముందు వరుస. రేకుల షెడ్డులో మైకు లేకుండా ఆయన పాట ఎత్తుకుంటే, ఇంకా దారిలో ఉన్నవాళ్ళు అడుగు వేగం పెంచేవారు.

కొత్త సంవత్సరపు ఆరాధనలో వాగ్దానం కార్డులు తీయడం మా సంఘంలో ఇప్పటికీ ఉన్న ఆచారమే. పళ్ళెంలో బోర్లించిన కార్డుల్లోంచి కళ్ళు మూసుకుని ఒకటి తీస్తాం. అందులో ఏ వాక్యం వస్తే అది ఆ ఏడంతా మనకని నమ్ముతాం. చాలామంది దాన్ని బైబిల్లో పెట్టుకుని మరిచిపోతారు. అన్న అలా కాదు, చొక్కా జేబులో పెట్టుకుని తిరిగేవాడు, బోరు ఎక్కడ వేయాలన్నా ఆవును అమ్మాలన్నా ఒకసారి తీసి చూసుకునేవాడు. ఆ ఏడు ఆయనకు వచ్చింది, దేవుడు తన బిడ్డలకు ముందుగా నడిచి మిట్టపల్లాలను చదును చేస్తాడనే మాట. ఎండిన తోట తీసేసి, నేల చదును చేసి, డ్రిప్పు వేసి మళ్ళీ మొక్కలు పెట్టాలని చూస్తున్న మనిషికి అలాంటి వాక్యం వస్తే ఏమవుతుంది? వచ్చిన వారానికే చిన్న ట్రాక్టరు కొన్నాడు. చెట్ల వరసల మధ్య దూరి తిరిగే బుడ్డ బండి అది. ఇక దానికి బ్లేడు కావాలి.

ఆ తోట నేల కింది వైపుకు వాలుగా ఉండేది, ఆ వాలు చివర ఒక పాడుబావి. మా నాయన కాలంలో తవ్వించింది, ఏనాడో ఎండిపోయింది, చుట్టూ గోడ లేదు. లోపల గువ్వలు కాపురం ఉండేవి. ఒడ్డు గరుసు మన్ను, వానకు కొంత, ఎండకు కొంత ఎప్పుడూ రాలుతూనే ఉండేది. మేకలు కూడా ఆ పక్క గడ్డిని వదిలేసి చుట్టూ తిరిగి పోయేవి. పైనున్న మిట్టను తోసుకొచ్చి ఆ బావిని పూడ్చేస్తే రెండు పనులూ ఒకేసారి తీరిపోతాయని అన్న ఆలోచన. ఆలోచనలో తప్పు లేదు. అయినా ఆయన ఆ మాట చెప్పినప్పుడల్లా వదిన చేస్తున్న పని ఆపి ఆయన మొహంలోకి చూసేది.

బ్లేడు కోసం బండిని తోలుకుని అన్నా వదినా నేనూ ముగ్గురమూ ప్రొద్దుటూరికి వెళ్ళాం. అంగడి యజమాని కోమటాయన, ఓపిక గల మనిషి. చిన్న బండికి వెనక బ్లేడే మంచిదని ఆయన మొదటే చెప్పాడు. వెనక లింకులకు తగిలిస్తే లాగుతూ చదును చేయవచ్చు, పలకను తిప్పి బిగించుకుంటే బండిని వెనక్కి నడుపుతూ మన్నును తోయవచ్చు. మెడ తిప్పి వెనక్కి చూస్తూ నడపడమే దాంట్లో కష్టం. ముందు బ్లేడయితే ఎదురుగా కనబడుతుంది, తోయడం సులువు, కానీ దాని బరువంతా ముందు చక్రాల మీద పడి వెనక వైపు తేలికవుతుంది. ట్రాక్టరుకు బ్రేకులు పట్టేది వెనక చక్రాలకే. వాలులో కిందికి దిగేటప్పుడు వెనక చక్రాలకు నేల మీద పట్టు లేకపోతే బ్రేకు తొక్కినా బండి జారిపోతుందని, చేతులతో బండి వంగినట్టు చూపించి మరీ చెప్పాడు.

ఆయన చెబుతూనే ఉన్నాడు, అన్న చెయ్యి మాత్రం అప్పటికే ముందు బ్లేడు మీద ఉంది. ఎత్తుగా, కొమ్ములు తిరిగిన పొట్టేలు తలలా ఉంది అది. దాన్ని బిగిస్తే ఆ బుడ్డ బండి పెద్ద యంత్రంలా కనిపిస్తుంది. కాసేపు నిమిరి, చెయ్యి తీసి, జేబులోంచి కార్డు తీశాడు. చదివి నా చేతికిచ్చాడు. ముందుగా నడిచి చదును చేస్తానని దేవుడే అంటుంటే ఇంక వెనక బ్లేడు మాట ఎందుకన్నట్టు నవ్వాడు.

వదిన ఒక్కతే అడిగింది.

"వాక్యం నేను కాదనల్యా. బ్రేకులు వెనక చక్రాలకేనంట గదా, అయ్యి పైకి లేస్తే ఏంది చేస్తావు?"

"నీకు ఈ అంగట్లోనే మెకానిక్కు పని ఇప్పిచ్చిపోతా ఉండు" అని అన్న అంటే అంగడిలో వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. వదిన నవ్వలేదు.

కోమటాయన ఇంక వాదించలేదు. అంతగా కావాలంటే బండితోపాటు కొన్న రోటవేటరును, ఆ నేల కలియదున్నే పనిముట్టును, వెనక తగిలించే ఉంచమని, ఆ బరువు వెనక చక్రాలను నేలకు అదిమి పెడుతుందని, అది లేకుండా మాత్రం వాలులోకి దిగవద్దని రెండుసార్లు చెప్పాడు. బ్లేడు బిగించాక అలవాటు చొప్పున నిమ్మకాయలు తెప్పించబోతే అన్న వద్దని, బ్లేడుకు నూనె రాసి ప్రార్థన చేశాడు. "మీది మీకు, మాది మాకు. ఎవురి దేవునికి చెప్పుకున్న్యా బండికి వాలు వాలే అప్పా" అన్నాడు ఆయన, నవ్వుతూనే. తిరుగుదారిలో అన్న పాటలు పాడుతూనే ఉన్నాడు.

తర్వాత కొన్నాళ్ళు అన్న కోమటాయన మాట పాటించాడు. రోటవేటరు వెనక పెట్టుకునే మిట్ట చాలావరకు తోశాడు. పని చక్కగా సాగింది. సంఘంలో సాక్ష్యం చెప్పాడు, అందరూ స్తోత్రం అన్నారు. ఇంతలో సంఘంలోని ఒక విధవరాలు తన చేను కలియదున్నుకోవడానికి ఆ రోటవేటరు అడిగింది. బండి గలవాళ్ళు వేరే ఎవరో దున్నిపెడతామన్నారట, పనిముట్టు ఒక్కటే లేదు. అడిగినవాళ్ళకు లేదనడం అన్నకు రాదు. విప్పి పంపించేశాడు.

ఆ శనివారం నేను వెళ్ళేసరికి అన్న బావి వైపుకు మన్ను తోస్తున్నాడు. వెనక ఏమీ లేదు. అడిగితే, ఇంకా కొంచెమే ఉందిలే, మధ్యాహ్నానికి అయిపోతుందన్నాడు. వదిన ముందుగానే బావికి ఇవతల ఒక వరసగా కంప పరిచి పెట్టింది, ఆ కంప కనబడితే బండి ఆపాలని. కానీ ముందు బ్లేడు నిండా మన్ను పేరుకుంటే సీటు మీద కూర్చున్న మనిషికి ముందున్న నేల కనబడదు. కొన్ని దఫాలకే ఆ కంప మన్నులో కలిసి, మన్నుతోపాటే బావిలో పడిపోయింది. అది పడిపోవడం ఎవరూ చూడలేదు.

వదిన సంగటి తెచ్చి కానుగ చెట్టు కింద పెట్టింది. నేను చెయ్యి కడుక్కుంటున్నాను. బండి కిందికి దిగుతూ ఉంది. బావిలోంచి గువ్వలన్నీ ఒక్కసారిగా లేచాయి. అంతకు ముందు కూడా లేచేవి, ఒక చుట్టు తిరిగి మళ్ళీ దిగేవి. ఈసారి దిగలేదు, పైనే తిరుగుతున్నాయి. ఎందుకో వదిన లేచి నిలబడింది. ఇంజను మోత తగ్గింది, అంటే అన్న బ్రేకు తొక్కాడు. వెనక చక్రాలు తిరగడం ఆగిపోయింది, బండి మాత్రం ఆగలేదు. చక్రాలు కదలకుండానే అది మెల్లగా, చాలా మెల్లగా, ఎవరో ముందునుంచి తాడు కట్టి లాగుతున్నట్టు జారుతూ పోయింది. దూకమని వదిన అరిచింది. దూకడానికి వ్యవధి ఉంది, నేను కళ్ళారా చూశాను. అన్న దూకలేదు. స్టీరింగు రెండు చేతులా పట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. ఒడ్డు విరిగింది.

బావి సగం పూడి ఉండబట్టి బండి అడుగుదాకా పోలేదు. చుట్టుపక్కల చేలవాళ్ళు మోకులు తెచ్చి, లోపలికి దిగి, అన్నను పైకి తెచ్చారు. మొదట పులివెందుల, అక్కణ్ణుంచి కడప. నడుము కింద ఏమీ మిగల్లేదని డాక్టర్లు నాకు విడిగా చెప్పారు. సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థించింది. వచ్చినవాళ్ళందరూ మంచం దగ్గర వాగ్దానాలు చదివేవారు, అన్న కళ్ళు మూసుకుని వినేవాడు, ఆమేన్ అనేవాడు కాదు. ఒక పొద్దున వదిన కాఫీకి వెళ్ళినప్పుడు నన్ను దగ్గరికి రమ్మన్నాడు.

"సిన్నోడా, నేను దేవుణ్ణి అడగల్యా. అంగట్లో దాన్ని చూసినప్పుడే కావాలనుకున్న్యా. తర్వాత నాకు కావాల్సింది ఆయనతో చెప్పిచ్చుకున్న్యా."

నేను అలా అనవద్దన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. రెండో రోజో మూడో రోజో ప్రాణం పోయింది.

సమాధి దగ్గర పాస్టరుగారు, దేవుడు ముందుగా నడిచి తన సేవకునికి దారి చదును చేశాడని చెబితే అందరూ ఏడ్చారు. అన్న చెప్పిన మాట ఆ రాత్రి ఒక్క వదినకే చెప్పాను. ఆమె తనకు తెలుసునంది. ఆ మాట ఆయన నోటితో అన్నాడు కాబట్టి దేవుడు ఆయన్ను చేర్చుకొని ఉంటాడని, అది తనకు చాలునని అంది. అంత విశ్వాసం నేను పుస్తకాలు ఎన్ని చదివినా సంపాదించుకోలేకపోయాను.

ఇప్పుడు ఆ రేకుల షెడ్డు లేదు. పెద్ద హాలు, ఫ్యాన్లు, స్పీకర్లు వచ్చాయి. పాట ఎత్తుకోవడానికి పిల్లలు వాయిద్యాలతో సిద్ధంగా ఉంటారు, శబ్దం రోడ్డు దాకా వినిపిస్తుంది గానీ దానికోసం అడుగు వేగం పెంచేవాళ్ళు కనబడరు. విశ్వాసం తగ్గిందని నేను అనను, దేవుడి మీద నాకూ అనుమానం ఏనాడూ రాలేదు. మారింది నా ప్రార్థన. ఆ రోజుల్లో మోకరిస్తే మాటలు ఊటలా వచ్చేవి, అడిగినదానికి జవాబు లోపల ఎక్కడో వెంటనే వినబడేది, లేచి ధైర్యంగా పనికి పోయేవాళ్ళం. ఇప్పుడు కూడా జవాబు వినబడుతుంది. వినబడగానే లేవలేను. ఆ గొంతు ఎవరిదోనని, నాదేనేమోనని, మోకాళ్ళు నొప్పి పుట్టేదాకా అలాగే వింటూ ఉంటాను.