ఒక్కటైపోయిన రెండు గీతలు

సాయంత్రం నాలుగింటికి విదేశీ క్లయింటుతో కాల్. రెండున్నరకి గ్రాఫు తెరిస్తే, రెండు గీతలు ఉండాల్సిన చోట ఒక్కటే కనిపించింది.

గచ్చిబౌలిలోని మా ఆఫీసులో మేం చేసేది వాడేసిన అణు ఇంధనం లెక్కలు. దాన్ని ఇనుప డబ్బాల్లో పెట్టి లోతుగా పాతిపెడితే, తరాల తర్వాత నీళ్లు లోపలికి చేరినప్పుడు ఎంత కరుగుతుందో కంప్యూటర్లో చూస్తాం. రేడియేషన్ నీటిని చీల్చి, ఇంధనాన్ని తినేసే పదార్థాలను పుట్టిస్తుంది. అయితే డబ్బా ఇనుము తుప్పు పడుతూ హైడ్రోజన్‌ను వదులుతుంది. అది నీళ్లలో కరిగి, ఇంధనం మీదే ఆ పదార్థాలను అణిచేస్తుంది. ముల్లును ముల్లుతో తీసినట్టు, ఒక తుప్పు ఇంకో తుప్పును ఆపుతుంది. ఈ సంగతి చెప్పడమంటే నాకు పిచ్చి. ఆఫీసులో నన్ను హైడ్రోజన్ అక్క అంటారు, నా ముందే.

క్లయింటు అడిగిందొక్కటే: ఆ హైడ్రోజన్ నిలవకుండా పోతే ఏమవుతుంది? ఆ లెక్క మా కొత్తమ్మాయి చేసింది. మియాపూర్ నుంచి వస్తుంది, ఆ వారమే ఆమె ఉద్యోగం ఖాయం కావాలి. ఆమె లెక్కలో హైడ్రోజన్ పోయినా ఇంధనం చెక్కుచెదరలేదు. మా మేనేజరు మురిసిపోయారు. "భలే వచ్చిందండీ రిజల్టు!" అన్నారు.

భలే ఏమిటి, నా తలకాయ! హైడ్రోజన్ ఉంటే ఎంత కరుగుతుందో ఒక గీత, లేకపోతే ఎంతో ఇంకో గీత. రెండూ ఒకదానిమీద ఒకటి పడ్డాయంటే లెక్కలో హైడ్రోజన్ అసలు పోనేలేదు. ఫైల్ తెరిచాను. పైన ఆ అమ్మాయి హైడ్రోజన్‌కు సరిగ్గానే సున్నా పెట్టింది. ఎక్కడో అడుగున ఉన్న ఒక లైను మాత్రం ప్రతిసారీ హైడ్రోజన్‌ను మళ్లీ నింపేస్తోంది. మూడేళ్ల కిందట ఆ లైను రాసింది నేనే. మా దగ్గర కొత్త లెక్క అంటే పాత ఫైల్ కాపీ కొట్టడం, అందరూ కొట్టేది నాదే.

సిగ్గు విడిచి చెబుతున్నాను. నోరు మూసుకుంటే పోలేదా అనుకున్నాను. కానీ ఆ గీతను నమ్మి, ఇంత ఇనుము అక్కర్లేదని రేపెవరో డబ్బా మందం తగ్గిస్తారు. బయటపడితే తిట్లు ఆ అమ్మాయికే, ఉద్యోగం కూడా దక్కదు. తనే చూసుకోవాల్సింది కదా అని కోపం తెచ్చుకోబోయాను. రాలేదు.

ఆ లైను తీసేసి మళ్లీ నడిపించాను. ముప్పావు గంట పట్టింది. రెండో గీత నిట్టనిలువుగా పైకి లేచింది.

"తప్పు నాది. ఫైల్ నాది. ఆ అమ్మాయికేం సంబంధం లేదు" అన్నాను మేనేజరుతో.

"ఇప్పుడా అండీ చెప్పేది? పది నిమిషాల్లో కాల్!" ఆయన మొహం మాడిపోయింది.

కాల్‌లో అదే మాట చెప్పాను. అవతలివాళ్లు కొత్త రిపోర్టు పంపమన్నారు. బయటికొచ్చాక మేనేజరు, "ఆ పిల్లది ఖాయం చేస్తాను. మీ సంగతి తర్వాత మాట్లాడదాం" అన్నారు.

కాఫీ మిషన్ దగ్గర ఆ అమ్మాయి నిలబడి ఉంది. "ఫికర్ చెయ్యకు, నీ మీదికి రాదు" అన్నాను.

తల ఎత్తలేదు. "అక్కా, రెండు గీతలు ఒక్కతీరు వస్తున్నయని నిన్ననే చూసిన."

"మరి చెప్పకపోతివేంది?"

"మీ ఫైల్ కదా అక్కా. అండ్ల తప్పెట్ల ఉంటది? నాదే తప్పనుకున్న. నిన్నటి సంది నా దాంట్లనే ఎతుకుతున్న."

ఆ ఫైల్‌ను మూడేళ్లుగా ఎందరో కాపీ కొట్టారు. వాళ్లలో ఎంతమంది ఇలాగే చూసి ఊరుకున్నారో అడగడానికి నాకు భయమేసింది.