జనగామలో ‘పో’

గొంతులో గడ్డ తీయించుకున్నాక మా అక్కకు మాట పడిపోయింది. అక్క తొర్రూరు అంగడిలో కూరగాయలు అమ్ముతుంది. ఆమె ఈ కొసన కేకేస్తే ఆ కొసన ఉన్నవాళ్లు బేరం మానేసి తిరిగి చూసేవాళ్లు. నా నోరు మంచిది కాదని మా అత్తగారింట్లో పేరుంది గానీ, అక్క ముందు నేను మూగదాన్ని. అలాంటి మనిషి ఆపరేషన్ అయి నెలలు గడిచినా గుసగుసలు దాటలేదు. ఎవరైనా వంకాయలెట్ల అంటే వేళ్లు చూపించేది. వేళ్లతో బేరం ఎంతసేపు చేస్తుంది? పక్క గంపల వాళ్లు జాలిపడేవాళ్లు. జాలంటే అక్కకు ఒళ్లుమంట. చివరికి అంగడికి పోవడమే మానేసింది.

నాకు ఇంకో భయం ఉండేది. అది ఎవరితోనూ అనలేదు. ఆపరేషన్ రోజు పొద్దున హైదరాబాద్ దవాఖానలో స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్తుంటే, అక్క నా చెయ్యి వదిలి “పోతున్ననే” అంది. మా ఇళ్లలో గడప దాటేవాళ్లు ఎవరూ ‘పోతున్న’ అనరు. ‘పోయొస్త’ అనాలి. ఉన్నవాళ్లు ‘పోయి రా’ అనాలి. చిన్నప్పుడు మేం మరిచిపోతే మా అవ్వ వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, సరిగ్గా అనిపించి పంపేది. “పోయొస్త అనవే” అని నేను నోరు తెరిచేలోపే తలుపులు మూసుకున్నాయి. మనిషి తిరిగొచ్చింది, మాట రాలేదు. ఆపరేషన్‌లో గొంతు నరం దెబ్బతిన్న సంగతి డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్తే నాకూ అర్థమైంది. అయినా ఆ ‘పోతున్న’ నా మనసులోంచి పోలేదు.

మొన్న మళ్లీ చూపించుకోవడానికి వెళ్లాం. డాక్టరమ్మ గొంతులోకి సన్నటి కెమెరా పంపి చూసి, “నరం కోలుకుంది. ఈమే భయపడి గట్టిగా మాట్లాడట్లేదు. మీరు మాట్లాడించండి” అంది. జనగామ బస్సు ఎక్కింది మొదలు నేను చేయని ప్రయత్నం లేదు. బావను తిట్టాను. ఆమె వంకాయల్లో అన్నీ పుచ్చులేనన్నాను. అక్క కిటికీ బయటికి చూస్తూ కూర్చుంది. ఒక్కసారి మాత్రం గొంతు పట్టుకుని, “గట్టిగ అంటే తెగుతదేమోనే” అని గుసగుసలాడింది. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

తొర్రూరు బస్సు కోసం జనగామలో దిగాం. మధ్యాహ్నం దాటింది, ఆకలి దంచేస్తోంది. బస్టాండు చుట్టూ బిర్యానీలు, మిర్చి బజ్జీలు. కారం తగిలితే అక్కకు దగ్గు ఆగదు. రోడ్డు అవతల కొత్తగా పెట్టిన చిన్న హోటల్ కనిపించింది. బోర్డు మీద ‘వియత్నాం నూడిల్స్’ అని రాసుంది, పక్కనే పొగలు కక్కే పెద్ద గిన్నె బొమ్మ. చారుచారుగా ఉంది, మింగడానికి తేలికని అక్కను లాక్కెళ్లాను. ఆమె బోర్డు చూసి, నన్ను చూసి, తల కొట్టుకుంది.

లోపల నాలుగు బల్లలు. వండేదీ వడ్డించేదీ ఒక్కడే. ముప్పై ఏళ్లుంటాయి, జనగామ మనిషే. హైదరాబాద్‌లో ఏదో పెద్ద హోటల్లో ఆ వంట నేర్చుకుని సొంతూళ్లో పెట్టుకున్నాడట. అక్కను కూర్చోబెట్టి నేను చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లాను. అక్కడి నుంచి ఇద్దరూ కనిపిస్తూనే ఉన్నారు. అతను నవ్వుతూ వచ్చి నిలబడ్డాడు. అక్క గోడ మీది గిన్నె బొమ్మను వేలితో చూపించి, ఏందిది అన్నట్టు చెయ్యి తిప్పింది.

“పో” అన్నాడతను.

ఆ వంట పేరు ఫో. మా వైపు చాలామంది నోట ‘ఫ’ పలకదు, ఫోను పోనవుతుంది. అక్కకు అవేమీ తెలియవు. మొహం చిట్లించి మళ్లీ బొమ్మ చూపించింది.

“పో అక్కా, పో” అన్నాడు ఇంకాస్త మర్యాదగా.

నేను కుళాయి కట్టేసేలోపే వినపడింది.

“ఎవర్ని పొమ్మంటున్నవ్ రా? తినొచ్చినోళ్లను పొమ్మంటవా? హోటల్ తెరిచింది మనుషుల్ని ఎల్లగొట్టనీకా?”

గరగరమంటోంది, మధ్యమధ్య చీలుతోంది, అయినా గొంతే. అంగడి గొంతు. తడి చేతులతోనే పరుగెత్తాను. అక్క కొంగు నడుముకు చెక్కుకుని నిలబడి ఉంది. పక్క బల్ల దగ్గరివాళ్లు తినడం ఆపేశారు.

“మిమ్మల్ని కాదక్కా” అని అతను రెండు చేతులూ జోడించాడు. “దాని పేరే పో. చారుల సేమియా లెక్క ఉంటది.”

“తిండికి గసొంటి పేరు పెడ్తరా ఎవలన్న?”

“నేను పెట్టలేదక్కా. ఆ దేశపోళ్లు పెట్టుకున్నరు.”

అప్పుడు తెలిసింది అక్కకు. చెయ్యి గొంతు మీదికి పోయింది. నా వైపు తిరిగి “చెల్లే” అంది మెల్లగా. మళ్లీ కాస్త గట్టిగా, “చెల్లే.” నేను కుర్చీలో కూలబడి ఏడ్చేశాను. తన వల్లే ఏడుస్తున్నాననుకుని అతను పరేషానై మంచినీళ్లు తెచ్చి పెట్టాడు.

గిన్నెలు వచ్చాయి. కోడి ఎముకలు మరిగించిన చారు, అనాసపువ్వు వాసన, తెల్లటి బియ్యపు నూడిల్స్, పైన ఉల్లికాడలు, కొత్తిమీర. తినడానికి ఇచ్చిన పుల్లలను చూసి “గివేంది, పొయ్యిల పెట్టనీకా?” అని అక్క చెంచా అడిగి తెప్పించుకుంది. కొత్తిమీర వడిలిందని అతన్ని పిలిచి మరీ చెప్పింది. ఒక్కో గుక్క మింగి, “దిగిందే, నొస్తలేదు” అంటూ చివరికి గిన్నె ఎత్తి తాగేసింది. బావకు ఫోన్ కలపనా అంటే, “వద్దు, ఇంటికి పోయి ఎదురుంగ తిడ్త” అంది. ఆ ఫో రుచి ఎలా ఉందంటే నేను చెప్పలేను. తిన్నంతసేపూ అక్క మాట్లాడుతూనే ఉంది, నేను వింటూనే ఉన్నాను. ఎన్ని నెలల తర్వాతో నాకు కడుపు నిండా తిన్నట్టయింది.

బయటికొచ్చాక, అవతల తొర్రూరు బస్సు పెట్టారేమోనని నేను రోడ్డు దాకా వెళ్లి చూస్తున్నాను. అక్క హోటల్ గడప దగ్గర ఆగి, లోపల గిన్నెలు కడుగుతున్న అతనికే కాదు, రోడ్డు మీది నాకూ వినపడేలా కేకేసింది.

“నువ్వు పొమ్మన్నా సరే తమ్మీ, పోయొస్త.”

అతను ఏమన్నాడో నాకు వినపడలేదు. “పోయి రా అక్కా” అని నేనే అనేశాను.

“నీకేమన్న పిచ్చి లేసిందానే? నువ్వు గూడ నాతోటే వస్తున్నవ్ గద” అని అక్క నా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది.