అంజయ్య చెప్పిన నలభై ఒక్క మాటలు

ఎవరైనా దయ్యాల సంగతి ఎత్తితే లేచి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. నవ్వేవాళ్లు నవ్వుకోండి, జరిగింది మాత్రం రాస్తాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో కోస్గి వైపు గొర్రెల కాపరుల కోసం ఒక యాప్ చేశాను. ఏ గొర్రెకు ఏ జబ్బో కాపరి ఫోన్‌లో మాటగా చెబితే, అది నేను కిరాయికి తీసుకున్న క్లౌడ్ సర్వర్‌లో చేరుతుంది. పశువుల డాక్టర్ విని వస్తాడు. అరవై రోజులు జాడలేని ఫోన్ల ఖాతాలను ఖాళీ చేయాలని సర్వర్‌లో నియమం పెట్టింది నేనే. ఎండాకాలం మందలు నెలల తరబడి కృష్ణా నది ఒడ్డుకు వలసపోతాయి. అక్కడ సిగ్నల్ ఉండదు. కాపరి కొడుకునై ఉండి అది మరిచాను.

మా పెద్దనాన్న కొడుకు అంజయ్య ఆ ఏడాది మందతో వెళ్లి వచ్చాడు. సిగ్నల్ దొరకగానే, ఖాళీ అయిన ఖాతా, సర్వర్‌కు చేరక అతని ఫోన్‌లోనే నిలిచిపోయిన మాటలను కూడా తుడిచేసింది. డాక్టర్ రాలేదు. రోగం ఊరి మందలకు అంటింది. రోగం దాచాడని కాపరుల సంఘంలో అతన్ని నిలదీశారు.

"దినాం జెప్పిన గదరా తమ్మీ. నువ్వన్న జెప్పు," అన్నాడు నాతో.

తప్పెక్కడుందో నాకు అప్పటికే తెలుసు. అయినా, సర్వర్‌లో ఏమీ లేదు, అతను చెప్పలేదు అని సంఘంతో అన్నాను. సంఘం పెద్దరికం నుంచి అతన్ని తీసేశారు. అబద్ధాలకోరన్న పేరుతోనే రెండేళ్లకు పోయాడు. నేను యాప్ మూసేసి, సర్వర్‌లో దాని జాగా మొత్తం చెరిపేశాను.

పోయినేడు మక్తల్‌లో ఒక విత్తనాల దుకాణం పనికి, మరో కంపెనీ సర్వర్‌లో కొత్త ఖాతా తెరిచాను. పట్టపగలు. అందులో అప్పటికే నలభై ఒక్క మాటలున్నాయి. తేదీలన్నీ ఆ వలస రోజులవే. గొంతు అంజయ్యది.

"నల్లచెవుల దాని మూతి పుండైంది. మేత ముడతలేదు. డాక్టర్‌కు జెప్పు."

కంపెనీని అడిగితే, కొత్త ఖాతాలోకి పాతవి వచ్చే దారే లేదన్నారు. అతని ఫోన్ బ్యాటరీ ఉబ్బి, పగిలి, వదిన పెట్టెలో ఉంది.

వదినకు వినిపించాను. "నాకెందుకు? నేనెన్నడన్న అనుమానపడ్డనా? పోయి సంఘంల వినిపియ్యి," అంది.

వినిపించాను. నా తప్పూ చెప్పాను.

"ఇన్నేండ్లు గివన్ని యాడ దాసినవ్‌రా?" అన్నాడు ఒక పెద్దమనిషి.

దాచలేదంటే ఒక్కరూ నమ్మలేదు. నమ్మకండి. అవి ఎట్లా వచ్చాయో నాకు ఈనాటికీ తెలియదు. ఎట్లా పోయాయో మాత్రం మొదటి రోజు నుంచీ తెలుసు.