నాలుగు పక్కన సున్న

మా ఊళ్లె ఆశా పని చేసే ఇష్రత్ అలసట మొకంల కనపడదు, చెప్పులల్ల కనపడ్తది. రాజోలి దిక్కు ఎండలల్ల తిరిగి తిరిగి అరిగినయ్. నేను ఎంకమ్మను, అంగన్‌వాడీల ఆయాను. పిల్లల్ని తూసే కాంట పట్టుకొని ఆమె వెంట పోతుంట. నాకు ఓపిక తక్వ. ఆమె ఓపిక చూస్తే నాకే కోపమొస్తది.

ఆ దినం కిష్టయ్య ఇంటికి పోయినం. కోడలు యమునకు కాన్పయి మూడు వారాలు. పిల్లగాడు బక్కగ పుట్టిండు. పోయిన వారం 2.4 కిలోలున్నడు. ఇప్పుడు గుడ్డల పండవెట్టి తూస్తే 2.35 వచ్చింది.

కిష్టయ్య భార్య జములమ్మకు అంకెలొస్తయ్. "పోయినసారి నాలుగే ఉండె, ఇప్పుడు ముప్పై ఐదయ్యిండు నా మనుమడు" అని ఉరికొచ్చి మా ఇద్దరి నోట్ల చక్కెర పోసింది. నేను మింగిన. ఇష్రత్ చక్కెర మింగకుండ బుగ్గల పెట్టుకొనే, "పెద్దమ్మా, జర కూసో" అన్నది.

"ఏంది బిడ్డ?"

"పాయింట్ తర్వాత అంకెలు రెండుదిక్కుల సమానముండాలె. నాలుగు పక్కన సున్న పెట్టు. ఎంతైతది?"

"నలభై."

"నలభై పెద్దదా, ముప్పై ఐదు పెద్దదా?"

జములమ్మ జరసేపు కాంటనే చూసింది. "ముప్పై ఐదు చిన్నది" అని మెల్లగ కూసుంది.

"యాభై గ్రాములు తగ్గిండు పెద్దమ్మా."

అప్పుడు యమున నోరు తెర్శింది. "పాలు తాగకుండ పండుకుంటుండు. పండుకుంటేనే పెరుగుతడు, లేపకు అన్నది అత్తమ్మ."

నాకు తిట్లు నోటిదాక వచ్చినయ్. ఇష్రత్ నా చెయ్యి గిచ్చింది. ఎవల్నీ ఏమనకుండ ఆటో పిలిచి, యమునను, పిల్లగాన్ని గద్వాల దవాఖానకు తోల్కపోయింది. పొద్దటి సంది ఆమె కడుపుల ఆ చక్కెర తప్ప ఏం లేదు. "నేను అలిసిపోయిన, ఎంకమ్మా. ఈ పిల్లగాడు దక్కితే చాలు" అన్నది ఆటోల.

దవాఖానల లేపి లేపి పాలు తాపిచ్చిన్రు. ఇంటికి తెచ్చినంక మేం మళ్ల కాంట పట్టుకొని పోయినం. 2.5 చూపిచ్చింది. జములమ్మ అంకెలు చూసింది గని నవ్వలే.

"దీని పక్కన గూడ సున్న పెట్టాల్నా?"

"పెట్టు. యాభై అయితది. ముప్పై ఐదుకు, పోయిన ఐదు కలిస్తే నలభై. ఇంకో పది కలిసింది. అంటే తగ్గింది వచ్చి, పైన వంద గ్రాములు ఎక్కిండు."

చక్కెర డబ్బా అప్పటికే జములమ్మ కొంగు కింద ఉన్నది. మూత మీద చెయ్యి పెట్టి ఆగింది.

"మరి తియ్యమంటవా బిడ్డ?"

ఇష్రత్ గడప మీద కూలబడి, చక్కెరకు నోరు తెర్శింది.