నల్లబెల్లంతో నా పరిశోధన

ఒకే పూటలో నేను సారా కాచేవాణ్ణీ అయ్యాను, బాంబులు చుట్టేవాణ్ణీ అయ్యాను. రెండూ నా నోటిచలవే. ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను గానీ, ఆ రోజు నా పీహెచ్‌డీ మొత్తం నేలపాలవడం ఈ కళ్ళతోనే చూశాను.

మాచర్ల దగ్గర మూతబడిన ఒక రాళ్ల క్వారీ ఉంది. చెడిపోయిన పేలుడు మందును ఏళ్ల తరబడి అక్కడే ఒక పక్కన పారబోశారు. ఆ చోట గడ్డి కూడా మొలవదు. ఆ మందును తిని మట్టిని బాగుచేసే సూక్ష్మజీవుల్ని పెంచి అక్కడ వదలడం నా పని. ఆరు నెలలు కన్నబిడ్డల్లా సాకి ఒక డ్రమ్ము నింపాను. "ఇవి పోతే నీ పీహెచ్‌డీ పోయినట్టే" అని మా గైడు ముందే చెప్పేశారు.

భయంతో రోజుకో టీ గ్లాసు చొప్పున చల్లాను. మా పల్నాడు ఎండ సంగతి మీకు తెలుసుగా! రెండు వారాలైనా మట్టిలో మార్పు లేదు. బిడ్డలకు తిండి చాలడం లేదనుకుని బెల్లం కోసం మాచర్ల వెళ్లాను. మంచి బెల్లం ఎందుకు దండగ, నల్లబెల్లం చాలనుకున్నాను. వినుకొండలో పుట్టి పెరిగినవాణ్ణి, సారా కాయడానికి బస్తా నల్లబెల్లం, పటిక ఎవరు కొంటారో నాకు తెలియదా? తెలుసు. ఆ క్షణాన గుర్తురాలేదు, అంతే.

డ్రమ్ములో కలపడానికి బస్తా నల్లబెల్లం కావాలనగానే కొట్టు మస్తానన్న గొంతు తగ్గించాడు. "ఎంత డ్రమ్మేంది తమ్ముడూ?"

"రెండొందల లీటర్లు" అన్నాను గర్వంగా.

"ఏడ పెట్టావు?"

"పాత క్వారీలో, కంపచెట్ల చాటున."

"పటిక గూడా కట్టమంటావా?"

"వద్దన్నా, పటికేస్తే చచ్చిపోతాయి!"

ఆయన నన్ను ఎగాదిగా చూసి బెల్లం కట్టాడు. కొట్లో ఉన్న నలుగురూ మా మాటలు విన్నారన్న ధ్యాసే నాకు లేదు. ఆ సాయంత్రమే బెల్లం కరిగించి డ్రమ్ములో కలిపాను.

మర్నాడు పొద్దున్నే క్వారీలోకి ఎక్సైజ్ జీపు వచ్చింది. అందులోంచి ఎస్సై మేడమ్, ఇద్దరు కానిస్టేబుళ్లు దిగారు. మేడమ్ డ్రమ్ము మూత తీసి ముక్కు మూసుకుంది.

"బెల్లం ఊట బాగానే పులిసిందే. ఎన్నాళ్ల నుంచి కాస్తన్నావురా?"

"సారా కాదు మేడమ్, పరిశోధన!"

"ఇట్టాంటోళ్లను చానామందిని చూశాంలే. పారబోయండయ్యా!"

నేను పరుగున అడ్డం వెళ్లాను. "ముట్టుకోకండి! ఇది సారా పని కాదు మేడమ్, బాంబుల పని!"

పల్నాడులో, అదీ ఖాకీ చొక్కాల ముందు, అనాల్సిన మాటేనా అది? మీరే చెప్పండి. పేలుడు మందును తినే జీవులని చెప్పబోయి బాంబులనేశాను. డ్రమ్ముకు వీపు పెట్టి నా వైపు తిరిగిన ఒక కానిస్టేబుల్ "ఓరి నాయనో!" అంటూ వెనక్కి దూకాడు. దూకినవాడు తిన్నగా డ్రమ్ము మీదే పడ్డాడు. రెండొందల లీటర్లూ ఆ బోడినేల మీదికి బొళుక్కున ఒలికిపోయాయి. నేను అక్కడే కూలబడి భోరుమన్నాను.

మేడమ్ నా దగ్గరికొచ్చింది. "సారా పోయినోడు ఇట్టా ఏడవడు. ఏందయ్యా నీ సంగతి?"

వెక్కుతూ ఐడీ కార్డు చూపించి గైడుకి ఫోన్ కలిపాను. ఆయన పది నిమిషాలు బతిమాలాక నన్ను వదిలారు.

నెల తర్వాత, ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో తెలియక, ఆ మట్టినే పరీక్షకు తీసుకెళ్లాను. ఫలితం చూసి గైడు కుర్చీలోంచి లేచారు. పేలుడు మందు సగానికి సగం తగ్గిపోయింది. నేను గ్లాసుతో చల్లిందంతా పైపైనే ఎండిపోయిందట, ఒక్కసారిగా పడింది మాత్రం లోపలిదాకా ఇంకి పని చేసిందట. హమ్మయ్య! ఆ రాత్రి కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయాను.

"ఒకేసారి కుమ్మరించాలని నీకెవరు చెప్పారయ్యా?" అన్నారు గైడు.

"ఎక్సైజ్ వాళ్లండీ."

అందుకే సూక్ష్మజీవుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఖాకీ చొక్కా కనిపిస్తే నా పేరు, మా నాన్న పేరు తప్ప మూడో మాట మాట్లాడను. డ్రమ్ములో ఏముందని అడిగితే, వాళ్లకే వదిలేస్తాను. నాకంటే వాళ్లే బాగా పోస్తారు.